ఖాళీ గడి అంటే సున్నా కాదు

హోస్ట్: అందరికీ నమస్కారం. తిరుపతిలో, మేడం వాళ్ళింటి మిద్దె మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. ఎదురుగా కొండ. మేడం డిగ్రీలో నాకు బాటనీ చెప్పారు. ప్రమాదంలో ఉన్న జాతుల్ని ఎక్సెల్‌లో వర్గీకరించొచ్చా మేడం?

మేడం: ఎందుకు కుదరదు? ఐయూసీఎన్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ, ఏ జాతికి ఎంత ప్రమాదముందో చెప్పే రెడ్ లిస్టు వేస్తుంది. అది చాలావరకు అంకెల మీదే నడుస్తుంది. ఒక జాతిలో ఎదిగినవి 50 కన్నా తక్కువుంటే క్రిటికల్లీ ఎండేంజర్డ్, 250 కన్నా తక్కువైతే ఎండేంజర్డ్, 1000 కన్నా తక్కువైతే వల్నరబుల్. మూడూ అంతరించే ప్రమాదం స్థాయిలే, మొదటిది అన్నిటికన్నా తీవ్రం. ఇది ‘D’ ప్రమాణం. ఇట్లాంటివి ‘A’ నుంచి ‘E’ దాకా అయిదున్నాయి.

హోస్ట్: ‘ఇట్లా ఉంటే ఇది రాయి’ అనే ఇఫ్ ఫార్ములా ఉందిగా, ఇఫ్ లోపల ఇఫ్ పెట్టుకుంటూ పోవడమేగా?

మేడం: పెట్టు, కానీ చిన్న అంకె నుంచి మొదలుపెట్టు. మా క్లాసులో ఒకమ్మాయి ముందు 1000 అడిగింది. 40 కూడా వెయ్యి కన్నా తక్కువే కదా, ఫార్ములా అక్కడే ఆగి వల్నరబుల్ అనేసింది. అది కంటికి దొరికే తప్పు. నన్ను భయపెట్టేది ఖాళీ గడి.

హోస్ట్: ఎందుకు మేడం?

మేడం: లెక్కపెట్టడానికి ఎవరూ పోలేదనుకో, గడి వదిలేస్తారు. ఎక్సెల్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది. సున్నా 50 కన్నా తక్కువ, వెంటనే క్రిటికల్లీ ఎండేంజర్డ్! ఇంకో అబ్బాయి ‘సుమారు 40’ అని రాశాడు. అది అక్షరాల కింద లెక్క. ఎక్సెల్ పోలికలో అక్షరాలు ఏ అంకె కన్నా పెద్దవే. నలభై మొక్కలే మిగిలిన జాతికి ఏ ప్రమాదమూ లేదని వచ్చింది. ఆ వరస చూసి నాకు గుండె జారింది.

హోస్ట్: మరి ఎట్లా?

మేడం: గడిలో ఉన్నది అంకేనా అని ముందు ఇజ్‌నంబర్ ఫార్ములాతో అడుగు. కాకపోతే జవాబు ఖాళీగా వదిలెయ్. ప్రమాణానికో కాలమ్ పెట్టి, క్రిటికల్‌కి 3, ఎండేంజర్డ్‌కి 2, వల్నరబుల్‌కి 1, ఏదీ కాకపోతే 0 ఇవ్వు. చివర్లో మ్యాక్స్, అంటే వాటిలో పెద్ద అంకె. ఏ ప్రమాణం ఎక్కువ ప్రమాదం చూపిస్తే ఆ హోదానే ఖాయం.

హోస్ట్: అన్నీ ఖాళీలే అయితే?

మేడం: మ్యాక్స్ అప్పుడు కూడా 0 ఇస్తుంది! అందుకే అంకెలున్న గడులెన్నో చెప్పే కౌంట్ ముందు చూడాలి. ఒక్క అంకె కూడా లేకపోతే డేటా డెఫిషియెంట్, అంటే సమాచారం చాలదని. తెలియదనడం కూడా రెడ్ లిస్టులో ఒక హోదానే నాయనా.

హోస్ట్: మన కొండ మొక్కతో ఒక ఉదాహరణ చెప్పండి.

మేడం: పేరిత తీసుకో. పొట్టి ఈతచెట్టులా కనబడే సైకాస్, ఎక్కువగా మన తిరుపతి, కడప కొండల్లోనే ఉంటుంది. మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. నాటుమందుల కోసం మగ మొక్కల శంకువులు కోసుకుపోతారు. ఇట్లాంటి ఒక జాతికి, ఊరికే లెక్క కోసం, లోకం మొత్తమ్మీద 300 మొక్కలే ఉన్నాయనుకో. అందులో మోకాలెత్తు కూడా లేని పిల్ల మొక్కలుంటాయి. అవి పోగా, విత్తనం దాకా రాగలిగినవి 180 అయితే గడిలో వెయ్యాల్సింది 180. వల్నరబుల్ కాస్తా ఎండేంజర్డ్ అయిపోతుంది.

హోస్ట్: ఎర్రచందనం హోదా కూడా మారింది కదా?

మేడం: 1997లో ఎండేంజర్డ్. 2018లో నియర్ థ్రెటెన్డ్, అంటే ప్రమాదానికి దగ్గర్లో ఉంది అన్నారు. 2021 అంచనాలో మళ్ళీ ఎండేంజర్డ్. అందుకే పాత జవాబు మీద కొత్తది రాయనివ్వను. ఏడాదికో కాలమ్.

హోస్ట్: ‘సుమారు 40’ రాసిన అబ్బాయి?

మేడం: ఇప్పుడు రెండు గడులు పెడుతున్నాడు. ఒకదాంట్లో 40, పక్కదాంట్లో ‘సుమారు’.