మూడో లేఖ

వేదిక మీది పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, వెనుక వరుసల్లో కూర్చున్న పరిశోధక విద్యార్థులకు నమస్కారం. 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం వెలుగు చూసిందని ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. భౌతిక, గణన శాస్త్రాల్లో పీహెచ్‌డీ తరువాతి అవకాశాల గురించి చెప్పమన్నారు.

అవకాశాలకు కొరత లేదు. అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ ఇచ్చే నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌కు, అంటే పీహెచ్‌డీ తరువాత పరిశోధన సాగించడానికి ఇచ్చే భృతికి, సిద్ధాంత గ్రంథం సమర్పించి పట్టా కోసం ఎదురుచూస్తున్నవారు కూడా దరఖాస్తు చేయవచ్చు. ఐరోపా వారి మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు ఏ దేశస్థులైనా అర్హులే. హైదరాబాద్ గోపన్‌పల్లిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ ప్రాంగణం నల్లగొండ నుంచి ఒక్క పూట ప్రయాణం. కంప్యూటరు మీద లెక్కలు కట్టే గణన రంగంలోనైతే ఖరీదైన ప్రయోగశాల కూడా అక్కరలేదు; పదార్థాల ధర్మాలను లెక్కగట్టే క్వాంటం ఎస్ప్రెస్సో వంటి ప్రోగ్రాములు ఉచితం, 1991 నుంచి ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ భాండాగారంలో పరిశోధన పత్రాలు ఉచితం.

అయినా మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు? నాకు తెలిసిన సంగతి చెబుతాను. 2011 నవంబరులో నేను ఒక విదేశీ విశ్వవిద్యాలయంలో పోస్ట్‌డాక్టోరల్ ఉద్యోగానికి దరఖాస్తు చేశాను. మూడు సిఫారసు లేఖలు కావాలన్నారు. రెండు చేరాయి. మూడో లేఖ కోసం వెళితే, ఆ పెద్దాయన ఎంతో ఆప్యాయంగా, "నువ్వే రాసుకొని తీసుకురామ్మా, సంతకం పెడతాను" అన్నారు. రాసుకొని వెళ్లాను, సంతకం పెట్టారు. ఆ కాగితాన్ని నేను పంపితే చెల్లదని, ఆయనే తన ఈమెయిల్‌కు వచ్చిన లింకు తెరిచి నేరుగా పెట్టాలని మా ఇద్దరికీ తెలియదు. గడువు నాటి రాత్రి గడియారం సెంటర్ దగ్గరి నెట్ సెంటర్‌లో కూర్చొని, తెర మీద 'మూడింటిలో రెండు అందినవి' అన్న మాటను షట్టర్ దించేదాకా చూస్తూనే ఉన్నాను. సంతకం చేసిన ఆ లేఖ నా సంచిలోనే ఉంది.

ఇలాంటి పోస్ట్‌డాక్టోరల్ ఉద్యోగాల ప్రకటనలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి. నవంబరు, డిసెంబరుల్లో గడువు ముగుస్తుంది. చేరేది మరుసటి ఏడాది. బత్తాయి రైతుకు కాపు పోయినట్టే, నాకు ఏడాది పోయింది. మా నాన్న అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

అధ్యాపక మిత్రులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. మన జిల్లాకు 2007లో, పాలమూరుకు 2008లో విశ్వవిద్యాలయాలు వచ్చాయి. ఇంట్లో మొదటిసారి బడికి వెళ్లినవారు నేడు డాక్టరేట్లు అందుకుంటున్నారు. వారికి మీ సంతకం చాలదు. మీ దగ్గర పరిశోధన చేసిన అమ్మాయి ఏ సమీకరణం దగ్గర చిక్కుకుంది, ఎలా బయటపడింది, ప్రోగ్రాములో తప్పును తానే ఎలా పట్టింది అన్నది మీ మాటల్లో, మీ చేత్తో రాయండి. "మంచి నడవడి గల విద్యార్థిని" అన్న ఒక్క వాక్యం చదివి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. గడువుకు నెల ముందే అడగమని పిల్లలకు చెప్పండి, అడిగినప్పుడు విసుక్కోకండి.

విద్యార్థులారా, బయట టీ బల్ల మీద తెల్లకాగితాలు ఉంచాను. మీ పనిని ఎరిగి లేఖ రాయగల ముగ్గురి పేర్లు రాసుకోండి. మూడో పేరు దొరకనివారు వెళ్లిపోకుండా నా దగ్గరికి రండి. చివరి బస్సు దాకా ఇక్కడే ఉంటాను.