"పనికి పోయారా?" అని అడిగితే లెక్క ఎందుకు తప్పుతుంది

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో వేర్వేరు విభాగాల నుంచి ఇద్దరిని కూర్చోబెట్టాం. ఒకరు వ్యవసాయ కూలిపని మీద సర్వేలు చేసే పరిశోధకురాలు. ఇంకొకరు తెలుగు మాటను కంప్యూటర్‌కు నేర్పే పని చేస్తున్న పరిశోధకుడు. మేడమ్, మీతో మొదలుపెడదాం. కూలి సర్వేలో మొదటి తప్పు ఎక్కడ పడుతుంది?

సర్వే పరిశోధకురాలు: ప్రశ్నలోనే అండీ. "పోయిన వారం పనికి పోయారా?" అని అడుగుతారు. మన ఊళ్లలో 'పనికి పోవడం' అంటే కూలికి పోవడమే. సొంత చేలో రోజంతా కలుపు తీసినావిడ కూడా "లే, ఇంటికాన్నే ఉన్న" అంటుంది. ఆవిడ సరిగ్గానే చెప్పింది. ఫారంలో మాత్రం సున్నా పడుతుంది. పోనీ అని ప్రశ్నను "పొలానికి పోయారా?" అని మారుస్తారు. తెలంగాణలో చాలాచోట్ల పొలం అంటే నీళ్లు పారే వరి పొలం. పత్తి, కంది వేసేది చేను. నాలుగు రోజులు పత్తి ఏరిన మనిషి దీనికీ "పోలేదు" అనే చెప్తుంది.

హోస్ట్: మరి ఎలా అడగాలి?

సర్వే పరిశోధకురాలు: పని పేరు ఎత్తకుండా పొద్దును పట్టుకుని పోవాలి. నిన్న ఎన్నింటికి లేచారు, లేచాక ఏం చేశారు, ఆ తర్వాత ఏం చేశారు, ఇలా. 2019లో దేశమంతా చేసిన కాల వినియోగ సర్వే అలాగే నడిచింది. ముందురోజు తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 దాకా, అరగంట చొప్పున రాసుకున్నారు. ఒక్కో అరగంటకీ "అప్పుడే ఇంకేమన్నా చేస్తున్నారా?" అని రెండోసారి అడగాలి. పిల్లాణ్ణి చెట్టుకింద పడుకోబెట్టి కలుపు తీసిన సంగతి అప్పుడే బయటికొస్తుంది.

హోస్ట్: సీజన్ అయిపోయాక ఒకేసారి అడిగితే ఖర్చు తగ్గుతుంది కదా?

సర్వే పరిశోధకురాలు: తగ్గుతుంది, లెక్క కూడా చెడుతుంది. టాంజానియాలోని మారా ప్రాంతంలో దీన్ని నేరుగా పరీక్షించారు. కొన్ని కుటుంబాలను వారం వారం అడిగారు, కొన్నింటిని సీజన్ చివర ఒక్కసారే అడిగారు. 2018లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, చివర్లో అడిగినప్పుడు ఒక మనిషి ఒక మడిలో చేసిన గంటలు 4 రెట్ల దాకా ఎక్కువగా వచ్చాయి. అయితే అదే జ్ఞాపకంలో కొందరు మనుషులూ కొన్ని మళ్లూ జారిపోయాయి. దాంతో ఎక్కువా తక్కువా ఒకదాన్నొకటి కొట్టేసుకుని, ఇంటి మొత్తం లెక్క బాగానే ఉన్నట్టు కనిపించింది. నాకు భయం కలిగించేది అదే. మొత్తం సరిపోయింది కదా అని, ఆ డేటాతోనే ఆడవాళ్లెంత చేశారు, మగవాళ్లెంత చేశారు అని విడగొడితే తప్పులో కాలేసినట్టే.

మెట్టపంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1975లో ఊళ్ల అధ్యయనం మొదలుపెట్టినప్పుడు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, దోకూరు ఎంచుకున్నారు. ఊరికి 40 కుటుంబాలు. అందులో 10 కూలి కుటుంబాలు, మిగతా 30 రైతు కుటుంబాలు. పరిశోధకులను ఊళ్లోనే ఉంచి, అవే ఇళ్లకు కొన్ని వారాలకోసారి పంపారు. ఆ డేటాను ఇప్పటికీ వాడుకోగలుగుతున్నామంటే ఆ ఓపిక వల్లే. అంత వీల్లేక ఎక్కువ రోజుల సంగతి అడగాల్సివస్తే నెల పేరు వద్దు. "మృగశిరలో ఏం చేశారు, ఆరుద్రలో ఏం చేశారు" అని కార్తె పట్టుకుని అడగండి. విత్తనం, నాట్లు అన్నీ కార్తెతోనే గుర్తుంటాయి.

హోస్ట్: కూలి రేటు మాటేమిటి?

సర్వే పరిశోధకురాలు: అక్కడ గుత్త, అంటే పని మొత్తానికి ఒక రేటు మాట్లాడుకోవడం, తికమక పెడుతుంది. ఒక ఉదాహరణ వేద్దాం. 12 మంది ముఠా మూడెకరాల నాట్లు ఎకరా 5,000కు గుత్తకు పట్టుకుని రెండు రోజుల్లో ముగించారు. 15,000ని 24 పనిదినాలతో భాగిస్తే 625. ఆటోకు రెండు రోజులకూ కలిపి 600 తీసేస్తే మనిషికి రోజుకు 600 మిగులుతుంది. దినకూలి 400 ఉందనుకోండి, గుత్తే లాభం అనిపిస్తుంది. కానీ గుత్తకు దిగితే పొద్దున ఆరింటికే మడిలో ఉంటారు, 10 గంటలు వంగే ఉంటారు. దినకూలి పని 6 గంటలు అనుకుంటే గంటకు దాదాపు 67 పడుతుంది. గుత్తకు పడేది 60. గంటలు రాయని ఫారంలో ఇదేదీ కనబడదు. అందుకే మొత్తం డబ్బు, మనుషులు, రోజులు, గంటలు, దారిఖర్చు, ఈ ఐదూ విడివిడిగా రాయాలి. భాగహారం ఊళ్లో చెయ్యొద్దు.

హోస్ట్: సార్, ఈ జవాబులన్నీ రికార్డు చేసి కంప్యూటర్‌కు ఇస్తే మీ పని మొదలవుతుంది.

భాషా పరిశోధకుడు: రికార్డింగ్‌తోనే మొదలవుతుందండీ. 16 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో, వేవ్ ఫైల్. గంటకు 115 ఎంబీ దాకా అవుతుంది, అంతే. కాలర్ మైకు నోటికి జానెడు దూరంలో, స్పాంజి తొడిగి పెట్టాలి. తొడక్కపోతే చేలో గాలికి మాట చివర్లు పోతాయి. తెలుగులో చాలా సమాచారం మాట చివర్లోనే ఉంటుంది. 'తీసిన' అంటే అయిపోయింది, 'తీస్త' అంటే ఇంకా చెయ్యాలి. ఆ చివరి అక్షరం పోతే పని జరిగిందో లేదో తెలీదు.

తర్వాత రాతలో వచ్చే చిక్కులు. ఒకరు 'వెళ్ళి' అని టైపు చేస్తారు, ఇంకొకరు 'వెళ్లి' అంటారు. కొందరు అక్షరం పక్కన పెట్టే సున్నా (ం) బదులు తెలుగు అంకెల్లోని సున్నా కొడతారు. కంటికి ఒకేలా ఉంటుంది, కంప్యూటర్‌కు మాత్రం వేరే అక్షరం. లెక్కించే ముందు వీటన్నిటినీ ఒక రూపానికి తేవాలి. లేకపోతే ఒకే మాట నాలుగు మాటలుగా తేలుతుంది.

హోస్ట్: అవి సరిచేశాక అర్థం సులువేనా?

భాషా పరిశోధకుడు: కాదండీ, అర్థం దగ్గరే ఎక్కువ కష్టం. 'కూలి' అనే మాటే చూడండి. "కూలి ఎంత?" అంటే డబ్బు. "కూలీ దొరకలేదు" అంటే మనిషి. "గోడ కూలి దెబ్బతగిలింది" అంటే ఈ రెండూ కాదు. పైగా మాట్లాడేటప్పుడు 'కూలి', 'కూలీ' మధ్య పొట్టీ పొడుగూ తేడా కలిసిపోతుంది. 'కోత' వరికోత కావచ్చు, కరెంటు కోత కావచ్చు. 'పాలు' అంటే పశువుల పాలు, పంటలో వాటా కూడా. కాబట్టి ఏ మాట ఏ అర్థంలో వచ్చిందో గుర్తులు పెట్టడానికి ఇద్దర్ని కూర్చోబెట్టాలి, ఒకరిది ఒకరు చూడకుండా చెయ్యాలి. ఇద్దరికీ కుదిరిన శాతం ఒక్కటే చూస్తే చాలదు. కాకతాళీయంగా కుదిరినదాన్ని తీసేసే కొలత 'కప్పా' చూడాలి. అది తక్కువగా వస్తే మనుషుల్ని మార్చడం కంటే ముందు సూచనల కాగితాన్ని తిరగరాయండి.

హోస్ట్: యంత్రం ఎంత సరిగ్గా రాసిందో ఎలా తెలుస్తుంది?

భాషా పరిశోధకుడు: యంత్రం రాసినదాన్ని మనిషి రాసినదానితో పోల్చి, మారిన మాటలు, పోయినవి, అదనంగా చేరినవి కూడి అసలు మాటల సంఖ్యతో భాగిస్తారు. తెలుగుకు ఆ కొలత కాస్త అన్యాయం చేస్తుంది. 'వచ్చేసింది' అనే చోట యంత్రం 'వచ్చే సింది' అని రాస్తే ఒకటి మారింది, ఒకటి చేరింది, రెండు తప్పులు. అందుకే అక్షరాల స్థాయి తప్పు కూడా పక్కనే ఇవ్వాలి. ఇంకోటి, పరీక్షకు ఉంచే గొంతులు శిక్షణలో అసలు ఉండకూడదు. ఒకే మనిషి వాక్యాలను అటూ ఇటూ పంచితే ఫలితం గొప్పగా వస్తుంది, పక్క మండలానికి పోగానే కుప్పకూలుతుంది.

సర్వే పరిశోధకురాలు: నాదొక మాట. యంత్రం 'ఇరవై' అని తప్పులేకుండా రాసినా నాకు చాలదు. నేల ఎంత అని అడిగినప్పుడు మహబూబ్‌నగర్‌లో ఇరవై అంటే 20 గుంటలు, అంటే అరెకరం. గుంటూరులో 20 సెంట్లు, ఎకరంలో ఐదో వంతు. ఎకరాకు ఎంతమంది పట్టారనే లెక్క అక్కడే రెండున్నర రెట్లు తేడా వస్తుంది.

భాషా పరిశోధకుడు: అందుకే రెండు గడులు పెట్టాలంటాను. ఒక గడిలో ఆవిడ చెప్పిన మాట చెప్పినట్టే, పక్క గడిలో మీరు మార్చిన అంకె. మొదటి గడిని ఎవరూ ముట్టుకోకూడదు.

సర్వే పరిశోధకురాలు: అవును. రెండో గడి నింపలేనివి ఉంటే ఆ వారంలోపే ఫోన్ చేసి అడగాలి. పొద్దుగూకాక చెయ్యాలి. పగలు చేస్తే పక్కనే మేస్త్రీ ఉంటాడు, ఆయన ముందు చేతికి ఎంత వచ్చిందో ఎవరూ నోరు విప్పి చెప్పరు.