కొత్త విండోస్‌కు మారే ముందు 48 అంకెల సంగతి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరిస్తే ఇచ్చిన సమయం అక్కడే అయిపోతుంది. వారు మన్నించాలి, నేరుగా విషయంలోకి వస్తాను.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 11కు మారాలా, ఉన్నదాంతోనే నెట్టుకురావాలా అని అందరూ అడుగుతున్నారు. చాలామంది కొత్తదాంట్లో ఏమేం ఉన్నాయో చూసి తేల్చుకోవాలనుకుంటారు. స్టార్ట్ మెనూ మూలన ఉంటే ఏమిటి, మధ్యలో ఉంటే ఏమిటి? నా లెక్కలో చూడాల్సింది ఒకటే. మారాక బెడిసికొడితే పాత స్థితికి రాగలరా? రాగలిగితే నిశ్చింతగా మారండి. రాలేకపోతే ముందు ఆ దారి వేసుకోండి.

మద్దతు ముగిసిందని కంప్యూటర్ ఆగిపోదు. ఆగేవి భద్రతా ప్యాచ్‌లు, అంటే లోపాలను సరిచేసే అప్‌డేట్లు. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ లాంటి ప్రోగ్రామ్ ప్రపంచమంతా పాకి ఫైళ్ళకు తాళాలు వేసింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. రెండు నెలలైనా అది వేయకుండా వదిలేసిన యంత్రాలే ఎక్కువగా దొరికిపోయాయి. ప్యాచ్ ఉండి కూడా అంత జరిగితే, ఇక ప్యాచే రాని యంత్రం మాట చెప్పేదేముంది!

రెండో దెబ్బ ఆలస్యంగా తగులుతుంది, అది బ్రౌజర్ వైపు నుంచి. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14న ముగిసినా క్రోమ్ కొత్త వెర్షన్లు 109 దాకా వస్తూనే ఉన్నాయి. 2023లో వచ్చిన 110 మాత్రం దాంట్లో ఎక్కలేదు. విండోస్ 10కూ ఎప్పుడో ఒకప్పుడు ఇదే జరుగుతుంది. ఇంట్లో వాడేవారికి ప్యాచ్‌ల పొడిగింపు పథకం ఒకటి పెట్టారు. 22హెచ్2 వెర్షన్ మీద ఉండి, అందులో నమోదైతే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా ప్యాచ్‌లు వస్తాయి. కొత్త సౌకర్యాలేమీ రావు. వాయిదా అంటే వాయిదాయే.

ఇక మీ యంత్రం 11కు తగునా? విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కి 'టీపీఎమ్ డాట్ ఎంఎస్‌సీ' అని కొట్టండి. టీపీఎమ్ అంటే తాళాలను భద్రంగా దాచే చిప్ లాంటి ఏర్పాటు. దాని స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని ఉండాలి. టీపీఎమ్ కనిపించడం లేదని వస్తే కంగారుపడకండి, చాలా బోర్డుల్లో అది ఉండే ఉంటుంది, బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, ఆపి ఉంచుతారు. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎమ్ అనీ వెతకండి. తర్వాత అదే పెట్టెలో 'ఎంఎస్‌ఇన్ఫో32' కొట్టి బయాస్ మోడ్ చూడండి. లెగసీ అని, అంటే పాత పద్ధతి అని ఉంటే డిస్క్ బహుశా ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటుంది. దాన్ని జీపీటీ అనే కొత్త విభజన పద్ధతికి మార్చకుండా, బయాస్‌లో 11కు కావాల్సిన యూఈఎఫ్ఐ అనే కొత్త మోడ్‌కి తిప్పితే విండోస్ తెరుచుకోదు. మార్చడానికి విండోస్‌లోనే 'ఎంబీఆర్2జీపీటీ' అనే పరికరం ఉంది. ముందు వాలిడేట్ ఆప్షన్‌తో నడిపి, అభ్యంతరం లేదని చూశాకే కన్వర్ట్ చేయండి. డిస్క్‌లో ప్రైమరీ పార్టిషన్లు, అంటే ప్రధాన భాగాలు, మూడు మించి ఉంటే ఒప్పుకోదు.

ప్రాసెసర్ విషయంలో హద్దు ఇంకా కఠినం. స్థూలంగా ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 వరస నుంచి పైవే జాబితాలో ఉన్నాయి. ఏడో తరం యంత్రం చక్కగా నడుస్తున్నా గేటు బయటే. ఇది అన్యాయమని నేను అంటాను, మీరూ అనండి. దొడ్డిదారిన ఎక్కించే పద్ధతులున్నాయి, ఎక్కుతుంది కూడా. అలాంటి యంత్రానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మాత్రం లేదు. మరీ పాత ప్రాసెసర్లలో పాప్‌కౌంట్ అనే సూచన ఉండదు, వాటిలో విండోస్ 11 24హెచ్2 వెర్షన్ అసలు బూట్ కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. నిర్వాహకులు గడియారం చూపించినా ఇక్కడ కాసేపు ఆగుతాను. ఎవరి చేతిలోనైనా ల్యాప్‌టాప్ ఉంటే ఇప్పుడే తెరవండి. సెట్టింగ్స్‌లో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' అని వెతకండి, అంటే డిస్క్ మొత్తానికీ తాళం వేసే ఏర్పాటు. ఆన్ అని ఉందా? మీరు ఆన్ చేశారా? చేసి ఉండరు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అది దానంతటదే ఆన్ అయింది. దాని 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లో పడింది. ఎవరి అకౌంట్? మొదటిసారి సెటప్ చేసినవాళ్ళది. అది మీ అబ్బాయిదో, అమ్మినవాళ్ళ దగ్గర పనిచేసే కుర్రాడిదో అయి ఉండొచ్చు.

ఇందులో ప్రమాదం ఎక్కడుందో చెప్తాను. డిస్క్ తాళంచెవి టీపీఎమ్ దగ్గర ఉంటుంది. అది కాపలాదారు లాంటిది. రోజూ వచ్చే మనిషి, రోజూ వచ్చే దారిలో వస్తేనే తాళంచెవి ఇస్తుంది. మీరు 11 కోసమని బయాస్ అప్‌డేట్ చేశారు, లేదా నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెక్యూర్ బూట్ ఆన్ చేశారు, లేదా టీపీఎమ్‌ను క్లియర్ చేశారు. దారి మారింది. కాపలాదారు తాళంచెవి ఇవ్వదు. నీలి తెర వచ్చి 48 అంకెలు అడుగుతుంది. కీ లేకపోతే మైక్రోసాఫ్ట్ కూడా ఏమీ చేయలేదు. ఫార్మాట్ చేసుకుంటే కంప్యూటర్ పనిచేస్తుంది, ఫొటోలు పోతాయి. విండోస్ అప్‌గ్రేడ్ మాత్రం తన వంతు పనిలో ఈ రక్షణను తానే తాత్కాలికంగా ఆపుకుంటుంది. బయాస్‌లో మన చేత్తో చేసే మార్పులకు ఆ సదుపాయం లేదు. అడగకుండా తాళం వేసినవాళ్ళు, కీ ఎక్కడుందో ఒక్కసారి తెర మీద పెద్ద అక్షరాల్లో చెప్పి ఉండాల్సింది. చెప్పరు!

కాబట్టి ముందు కీ సంపాదించండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో డివైసెస్ కింద రికవరీ కీల జాబితా ఉంటుంది. ఒకటికి మించి ఉంటే కీ ఐడీలోని మొదటి ఎనిమిది అక్షరాలు సరిచూసుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ ఆఫీసు ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. కీని కాగితం మీద ప్రింట్ తీయండి. అదే ల్యాప్‌టాప్‌లో ఫొటోగా దాచుకుంటే ఏం లాభం? తర్వాతే బయాస్ జోలికి వెళ్ళండి. ప్రో ఎడిషన్‌లో ఈ డిస్క్ తాళాన్ని నడిపే బిట్‌లాకర్ పేజీలోని 'సస్పెండ్ ప్రొటెక్షన్' నొక్కి వెళ్తే ఇంకా మంచిది.

బ్యాకప్ గురించి ఒక్క మాట. క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా అనకండి. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా డిలీట్ అవుతుంది. వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని ఇంకో కంప్యూటర్‌కు తగిలించి నాలుగు ఫైళ్ళు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

అప్‌గ్రేడ్ అయ్యాక వెనక్కి రావడానికి పది రోజులే గడువు. పాత విండోస్ 'విండోస్ ఓల్డ్' ఫోల్డర్‌లో ఉంటుంది. సీ డ్రైవ్ నిండిందని క్లీనప్ నడిపి, 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్' మీద టిక్ పెట్టారంటే ఆ దారి అక్కడితో మూసుకున్నట్టే. పది రోజులు చాలవనుకుంటే, గడువు ముగిసేలోపే విండోస్‌లోని డిజమ్ అనే కమాండ్‌తో 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. ఆ రోజుల్లో ప్రింటర్, స్కానర్, డిజిటల్ సంతకం టోకెన్, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ యూఎస్‌బీ లాక్ అన్నీ ఒకసారి వాడి చూడండి. పాత డ్రైవర్ల, అంటే పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్ల, బెడద ముందే తెలియాలంటే విండోస్ 10లోనే కోర్ ఐసొలేషన్ పేజీలో మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా ఏర్పాటును ఆన్ చేసి చూడండి. పొసగని డ్రైవర్లుంటే ఆన్ కాకుండా వాటి జాబితా చూపిస్తుంది. 11లో 32 బిట్ ఎడిషన్ లేదు. ఇప్పుడు 32 బిట్ విండోస్ 10 వాడేవారికి నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. వారి దగ్గర 16 బిట్ నాటి ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే అది 11లో నడవదు. దాని కోసం పాత యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా అట్టే పెట్టుకోండి.

ర్యామ్ 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ రాస్తుంది. 8 లేకుండా మారకండి. హార్డ్ డిస్క్ మీద నడుస్తుంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఆ తర్వాతే విండోస్ మాట.

గేటు బయట ఉండిపోయిన యంత్రాలకు విండోస్ బదులు వాడే లినక్స్ ఉంది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో లైవ్ యూఎస్‌బీ చేసుకుని, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే బూట్ చేసి చూడండి. వైఫై అందుతోందా, శబ్దం వస్తోందా, మూత మూసి తెరిస్తే లేస్తోందా, ప్రింటర్ కనబడుతోందా? నాలుగూ సరిగా ఉంటే ఆ యంత్రాన్ని పారేయాల్సిన పని లేదు. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు, అందులో దీర్ఘకాలం మద్దతు ఉండే ఎల్‌టీఎస్ వెర్షన్‌కైతే విడుదలైన నాటి నుంచి ఐదేళ్ళు ప్యాచ్‌లు వస్తాయి. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయడానికి సెక్యూర్ బూట్ ఆపాల్సి వస్తే మాత్రం ముందు ఆ కీ కాగితం పక్కన పెట్టుకోండి.

ఇక ప్రశ్నలు అడగండి. ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉండి, ఎవరి అకౌంటో తెలియనివాళ్ళు ముందు చెయ్యెత్తండి.