పిల్లల్ని కనిపెట్టుకోండి

(ఆదోని దగ్గర ఒక పల్లె ప్రాథమిక పాఠశాలలో, తల్లిదండ్రుల సమావేశంలో ఒక రిటైర్డ్ టీచరమ్మ మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. హెడ్మాస్టర్ గారికి, తోటి టీచర్లకు, సర్పంచ్ గారికి, అంగన్‌వాడీ టీచరుకు, ఆశా అక్కకు, పొద్దున్నుంచి పొయ్యి దగ్గర ఉండి ఇప్పుడు ఆ తలుపు పక్కన నిలబడి వింటున్న వంట అక్కలకు, ఇంకా పేరు పెట్టి పిలవాల్సిన పెద్దలు చాలామంది ఉన్నారు, అందరికీ కలిపి ఒకే దండం పెడుతున్నాను. పనికి పోవాల్సిన వాళ్లు సగం కూలి వదులుకుని వచ్చారని నాకు తెలుసు. అమ్మలకు, నాయనలకు నమస్కారం. మొదటి వరసలో కూర్చున్న అవ్వలకు, తాతలకు ఇంకోసారి నమస్కారం.

అవ్వలకు రెండుసార్లు ఎందుకు పెట్టానో మీకు తెలుసు. దీపావళి దాటితే సగం ఊరు సుగ్గికి పోతుంది. గుంటూరు వైపు మిరప కోతలకు కొందరు, తెలంగాణకు పత్తి తీయడానికి కొందరు, బెంగుళూరులో బిల్డింగు పనికి కొందరు. కన్నడలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే సంబరం, మన దగ్గర అదే మాటకు ఇల్లు వదిలి పోవడం అని అర్థం వచ్చింది. ఆ నాలుగైదు నెలలు ఈ బడిలో పిల్లలకు అమ్మా నాయనా అవ్వే. పిల్లల పెంపకం గురించి ఎవరు ఎక్కడ మాట్లాడినా ‘తల్లిదండ్రులారా’ అని మొదలుపెడతారు, అవ్వల్ని ఎవరూ పిలవరు. నేను పిలుస్తున్నాను. అవ్వా, ఈ మాటలు ముందు నీకే.

హెడ్మాస్టర్ గారు నాకు చీటీ రాసిచ్చారు. తిండి, నిద్ర, ఫోను, ఆట, చదువు. ఐదు విషయాలు, పదిహేను నిమిషాలు. వరసగానే చెబుతాను.

తిండి. పొద్దున బడికి వచ్చే పిల్లల్ని నేను ముప్పై ఏళ్లపైన చూశాను. ఏం తిన్నావురా అంటే టీ, బన్ను. టీ, బిస్కెట్లు. పొద్దున్నే పొలానికి పోవాలి, వండే టైము లేదు, తెలుసు. అయినా ఒక్క విషయం వినండి. టీ అన్నంతో పాటో, అన్నం తిన్న వెంటనేనో తాగితే తిండిలో ఉన్న ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఇనుము లేకపోతే రక్తం ఉండదు. 2019-21లో దేశమంతా జరిగిన కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. అంటే ఇక్కడ వరసలో ముగ్గురు పిల్లల్ని కూర్చోబెడితే దాదాపు ఇద్దరు. వాళ్లు పాఠం వింటూనే తూగుతారు, మనం సోమరి అంటాం.

మన ఇంట్లో లేని తిండి నేనేమీ చెప్పడం లేదు. రాగుల్లో నూరు గ్రాములకు దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో పది దగ్గర. రాత్రి మిగిలిన సంగటి ముద్దను పొద్దున మజ్జిగలో పిసికి ఇస్తే అదే టిఫిను. గుప్పెడు వేయించిన చెనక్కాయలు, చిన్న బెల్లం ముక్క, బడికి వచ్చే దారిలో నములుకుంటూ వస్తాడు. బొరుగులతో ఉగ్గాని చేసినప్పుడు నిమ్మకాయ పిండండి, పులుపు ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు, ఆ రోజు పిల్లవాడిని బడి మానిపించకండి. ఐదు రూపాయల చిరుతిండి ప్యాకెట్ గురించి ఇంకో రోజు మాట్లాడతాను, మొదలుపెడితే కోపం వస్తుంది.

ఇక నిద్ర. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలి. మన ఇళ్లలో రాత్రి పదకొండు దాకా టీవీ, తెల్లారకముందే చీపురు చప్పుడు. ఒక ఆడపిల్ల రోజూ నా క్లాసులో...

ఆగండి. ఆ పిల్ల సంగతి చెబుదామనుకున్నాను గానీ, ఇంకో పిల్లవాడు గుర్తొస్తున్నాడు. వాడి సంగతి చెప్పాలనే నేను ఈ రోజు బస్సెక్కాను. చీటీ పక్కన పెడుతున్నాను, హెడ్మాస్టర్ గారు, క్షమించండి.

ఈ ఊరు కాదు. వేరే ఊళ్లో నేను పనిచేసినప్పుడు, మూడో తరగతి నుంచి నా దగ్గర చదివాడు. పేరు చెప్పను. నాయన గొర్రెలు కాస్తాడు. పిల్లవాడికి నోటి లెక్క ఎంత వస్తుందంటే, పంతొమ్మిదో ఎక్కం అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. పద్యం ఒక్కసారి వింటే చాలు. కానీ బోర్డు మీద లెక్క రాస్తే చేసేవాడు కాదు. పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూసి ఎక్కించేవాడు. నేను వాడిని కాపీ కొడుతున్నాడనుకున్నాను. నోటికి ఇంత వచ్చినవాడు రాయడానికి బద్ధకిస్తున్నాడని నాకు మంట. పక్కవాడి దగ్గరినుంచి లేపి, వెనక కిటికీ కింద ఒక్కడినే కూర్చోబెట్టాను. అర్థమైందా అమ్మా నేను చేసిన పని? బోర్డు కనబడని పిల్లవాడిని తీసుకెళ్లి ఇంకా దూరంగా కూర్చోబెట్టాను. రెండేళ్లు. రెండు మూడుసార్లు చేతి మీద కొట్టాను కూడా. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే రాసుంది, నాకు తెలుసు, తెలిసే కొట్టాను.

ఆదివారాలు వాడు నాయనతో గొర్రెల వెంట పోయేవాడు. సాయంత్రానికి ఒకటో రెండో తగ్గేవి. నువ్వు చూస్తుండగానే పక్క చేలోకి ఎట్లా పోయాయిరా అని నాయన కొట్టేవాడు. ఒకసారి వీపు మీద వాతలతో బడికొచ్చాడు. నేను నాయనను పిలిపించాను. ఆయన గొర్రెల సంగతి చెప్పాడు, నేను బోర్డు సంగతి చెప్పాను, ఇద్దరం కలిసి వాడికి ఒళ్లు వంగదని తీర్మానించుకుని ఆయన ఇంటికి, నేను క్లాసుకు పోయాం. దూరంగా ఉన్న గొర్రె కంటికి ఆనలేదు, దూరంగా ఉన్న బోర్డు ఆనలేదు. రెండూ ఒకటే సంగతి. ఇద్దరు పెద్దవాళ్లం ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకున్నాం, మధ్యలో వాడు నిలబడ్డాడు, మాకు తట్టలేదు.

2019 అక్టోబరులో కంటి వెలుగు పరీక్షలు బడి పిల్లలతో మొదలుపెట్టారు గదా, మా బడికీ వచ్చారు. గోడకు చార్టు కట్టారు, ఇంగ్లీషు ‘ఈ’ అక్షరాన్ని నాలుగు దిక్కులకూ తిప్పి రాసిన చార్టు. దాని కాళ్లు పైకున్నాయా, కిందికున్నాయా, చేత్తో చూపించాలి. వీడి వంతు వచ్చింది. పైనుంచి కింది దాకా గడగడా చూపించాడు. నాకు సంతోషమే అయింది. పరీక్ష చేసే అబ్బాయికి ఏదో అనుమానం వచ్చి, ఈసారి కింది వరస నుంచి అడిగాడు. వీడు మళ్లీ మొదటి వరస నుంచే చూపించుకుంటూ పోయాడు. ముందు నిలబడిన పిల్లలు చెయ్యి ఎట్లా తిప్పారో చూసి, ఆ వరసంతా బట్టీ పట్టాడు. చార్టు వాడికి ఆనలేదు, పక్కనున్న పిల్లల చేతులు ఆనాయి. అన్నేళ్లూ వాడు బతికింది అట్లాగే.

ఆ రోజు రాత్రి నేను అన్నం తినలేదు.

కొన్నాళ్లకు అద్దాలు వచ్చాయి. పెట్టుకుని మొదటి బెంచీలో కూర్చుని బోర్డు చూశాడు. ఏమన్నాడో తెలుసా? ‘టీచర్, ఏడు మీరు అట్లా రాస్తారా? నేను సుద్దముక్క చప్పుడు విని ఇంకోలా అనుకున్నాను’ అన్నాడు. అన్నాళ్లూ చప్పుడు విని అంకె పోల్చుకునేవాడట. తొమ్మిదేళ్ల పిల్లవాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత అద్దాలు లేకుండా వచ్చాడు. మర్నాడూ లేవు. అప్పటికి తల్లీ తండ్రీ సుగ్గికి పోయారు. ఇంటికి పోతే వాడి అవ్వ ట్రంకు పెట్టె తెరిచింది. పట్టుచీర మడతల మధ్య, పాత తువ్వాలులో చుట్టి, కళ్లద్దాలు. ‘అంత మంచి వస్తువు రోజూ పెట్టుకుంటే పాడవుతుంది టీచరమ్మా, పండగకు పెడతాలే’ అంది. నేను ఆ అవ్వను ఏమనగలను? ఆమె జన్మలో మంచి వస్తువును అట్లాగే కాపాడుకుంది. మనవడి మీద ప్రేమతోనే పెట్టెలో దాచింది. కాపాడాల్సింది అద్దాల్ని కాదవ్వా, కళ్లని అని చెప్పి, పక్కన కూర్చుని, వాడితో వాకిట్లోంచి ఎదురింటి గోడ మీది రాతలు చదివించాను. అప్పుడు ఆమె వాడి ముఖం రెండు చేతులా పట్టుకుని, అయితే నా కొడుకు నిన్ను గొర్రెల కోసం ఊరికే కొట్టాడురా అని ఏడ్చింది.

అమ్మా, ఆ వెనక ఉన్న నాయనలూ, కొంచెం ముందుకు రండి, ఇది మీకే. మన తెలుగులో ఒక మాట ఉంది, కనిపెట్టుకుని ఉండడం. పురుడు పోసుకున్న కూతుర్ని కనిపెట్టుకుని ఉంటాం, ఈనబోయే ఆవును రాత్రంతా కనిపెట్టుకుని ఉంటాం. తెగులు వచ్చిన పత్తి చేనును ఆకు తిప్పి మరీ చూస్తాం, మందు కొట్టే ముందు ఏ పురుగో కనిపెడతాం. చేనును ఎవరైనా తిడతారా, ఎందుకు కాయలేదని? పిల్లవాడు చదవకపోతే మాత్రం మొదటిది తిట్టు, రెండోది దెబ్బ. ఆకు తిప్పి చూడం.

ఏం చూడాలి అంటారా? టీవీకి బాగా దగ్గరగా పోయి కూర్చుంటున్నాడా. కళ్లు చికిలిస్తున్నాడా. తల పక్కకు వంచి చూస్తున్నాడా. బడి నుంచి రాగానే తలనొప్పి అంటున్నాడా. పిలిస్తే పలకడం లేదా, అయితే పొగరు అనుకునే ముందు చెవిలో చీము కారుతోందేమో చూడండి. ఎప్పుడూ నీరసమా, కింది రెప్ప లాగి చూడండి, లోపల ఎర్రగా ఉందా, తెల్లగా పాలిపోయిందా. దీనికి చదువు రానక్కర్లేదు.

ఆడపిల్లలకు అద్దాలు పెట్టనివ్వని ఇళ్లు ఉన్నాయి. పెళ్లి కాదంటారు. ఆ మాట నా ముఖం మీదే అన్నారు, ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే. అద్దాలు పెడితే చూపు ఇంకా తగ్గిపోతుందని ఇంకొకరు. తగ్గదమ్మా. పెట్టకపోతేనే నష్టం. ఒక కన్ను మాత్రమే మందంగా ఉండి, చిన్నప్పుడే దాన్ని సరిచేయకపోతే, ఆ కన్ను చూడడం నేర్చుకోదు, పెద్దయ్యాక అద్దాలు పెట్టినా పూర్తి చూపు రావడం కష్టం. ఆ పిల్లకు పెళ్లి తర్వాత అయినా కన్ను కావాలి గదా! నేను గొంతు పెంచుతున్నాను, ఏమనుకోకండి.

చీటీలో ఇంకా ఫోను, ఆట ఉన్నాయి. రెండూ కలిపే చెబుతాను. రెండేళ్ల లోపు బిడ్డకు ఫోను చూపించి అన్నం పెట్టకండి. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని కూడా చెప్పింది. తైవాన్ అనే దేశంలో చాలామంది పిల్లలకు దూరం చూపు పోతోందని, 2010 నుంచి బడి పిల్లల్ని రోజుకు 120 నిమిషాలు ఆరుబయట వెలుతురులో ఉంచాలని పెట్టుకున్నారు. అక్కడ ప్రభుత్వం పథకం పెట్టాల్సి వచ్చింది, మనకు వాకిలి ఉంది, వీధి ఉంది, బడి వెనక మైదానం ఉంది, ఎండ అయితే అడగనక్కర్లేదు. నడినెత్తి ఎండ వదిలేసి పొద్దున, సాయంత్రం ఆడుకోనివ్వండి. ఆడపిల్లల్నీ పంపండి, వాళ్లను చీపురుకు, చంటిపిల్లకు కట్టేయకండి.

చదువు గురించి ఒక్క మాట. మాకు చదువు రాదు, మేమేం చెప్పగలం అని మీరంటారు. రాత్రి సంగటి తినేటప్పుడు ఫోను పక్కన పెట్టి అడగండి. ఏం చదివావు అని అడిగితే ‘చదివాను’ అని ఊరుకుంటాడు. ఈ రోజు నీ పక్కన ఎవరు కూర్చున్నారు, ఎవరు ఏడ్చారు, టీచరు బోర్డు మీద ఏం రాసింది, నాకు నేల మీద రాసి చూపించు అని అడగండి. సుగ్గిలో ఉన్నవాళ్లు ఫోన్ చేసినప్పుడూ ఇదే అడగండి. డబ్బు పంపినాం, తిన్నారా అని అవ్వను అడిగి పెట్టేయకండి, రెండు నిమిషాలు పిల్లవాడికి ఇవ్వండి. బోర్డు మీద ఏం రాశారో వాడు చెప్పలేకపోతే కోప్పడకండి, మర్నాడు టీచరుకు చెప్పమని అవ్వకు చెప్పండి.

టైము అయిపోయిందని హెడ్మాస్టర్ గారు గడియారం చూస్తున్నారు. నాది ఒక్క కోరిక. ఆ వరండా చివర గోడకు చార్టు కట్టించాను, ఆరు మీటర్ల దూరంలో సుద్దతో గీత గీశాం, ఆశా అక్క, నేను ఇద్దరం అక్కడ ఉంటాం. ఇది పైపైన చూడడమే, అనుమానం ఉన్నవాళ్లకు చీటీ రాసిస్తాం, ఆదోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. భోజనాలకు ముందే మొదలుపెడదాం. ఒక్కొక్కరినే రానివ్వండి, మిగతా పిల్లలు తలుపు ఇవతలే ఉండాలి, ముందువాళ్ల చేతులు ఎవరికీ కనబడకూడదు. అవ్వా, నీ మనవడిని తీసుకుని నువ్వే ముందు రా.