మూడు దేశాలు, ఒకే తీరం: ఉమ్మడి పర్యాటక ప్రణాళికను చదవడం ఎలా?

నమస్కారం. ఒకే సముద్ర తీరాన్ని పంచుకునే పొరుగు దేశాలు కలిసి పర్యాటకాన్ని పెంచుకోవాలనుకున్నప్పుడు ఆ పని ఎక్కడ మొదలవుతుంది, ఏ క్రమంలో సాగుతుంది, ఏ చోట చిక్కుపడుతుంది అన్న విషయాలను ఈ పాఠంలో ఒక వాస్తవ ఉదాహరణతో పరిశీలిద్దాం. పర్యాటక నిర్వహణ, పర్యావరణ శాస్త్రం, ప్రభుత్వ పాలన చదువుతున్న విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని దీన్ని సిద్ధం చేశాము. ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు దగ్గర పెట్టుకోండి. మధ్యలో వీడియోను ఆపి గీయవలసినవి, రాయవలసినవి ఉన్నాయి.

మనం ఎంచుకున్న ఉదాహరణ ఉత్తర సముద్రపు ఆగ్నేయ అంచున ఉన్న వాడెన్ సముద్రం. తెరపై ఉన్న పటాన్ని చూడండి. నెదర్లాండ్స్‌లోని డెన్ హెల్డర్ పట్టణం దగ్గర మొదలై, జర్మనీ వాయవ్య తీరమంతా ఒరుసుకుంటూ, డెన్మార్క్‌లోని బ్లావాండ్ వరకు ఇది దాదాపు 500 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉంది. తీరానికి కాస్త దూరంగా ఒకదాని పక్కన ఒకటిగా దీవులు కనిపిస్తున్నాయి కదా, ఆ దీవులకూ ప్రధాన భూభాగం మీది కరకట్టలకూ నడుమ ఉన్న లోతులేని నీటి పట్టీలోనే మన కథ అంతా జరుగుతుంది. పోటు వచ్చినప్పుడు ఆ పట్టీ నిండు సముద్రంలా ఉంటుంది. ఆటు సమయంలో నీరు వెనక్కి తీసి, కిలోమీటర్ల కొద్దీ బురద, ఇసుక మేటలు బయటపడతాయి. ఇది రోజుకు రెండుసార్లు జరుగుతుంది. తెంపు లేకుండా ఇంత విశాలంగా పరచుకున్న ఆటుపోట్ల మేటలు ప్రపంచంలో మరెక్కడా లేవు.

ఇప్పుడు కాగితం మీద పన్నెండు నెలలకు పన్నెండు గళ్లు గీయండి. వాటి కింద మొదటి వరుసలో ఇక్కడి జీవుల సంవత్సరాన్ని నింపుదాం. ఆర్కిటిక్ ప్రాంతంలో గుడ్లు పెట్టి ఐరోపా, ఆఫ్రికా తీరాలలో చలికాలం గడిపే వలస పక్షులు ఏటా 1 కోటి నుంచి 1 కోటి 20 లక్షల వరకు ఈ మేటల మీద ఆగి, బురదలోని పురుగులను, నత్తలను, ఆల్చిప్పలను తిని కొవ్వు పెంచుకొని ముందుకు సాగుతాయి. ఏప్రిల్, మే నెలలలో బ్రెంట్ బాతులు సైబీరియా ప్రయాణానికి సిద్ధమవుతూ ఉప్పు చిత్తడి నేలల మీద మేస్తుంటాయి. జూన్, జూలై నెలలలో సీల్ జంతువులు ఇసుక మేటల మీద పిల్లలను కంటాయి. మేట నీటిపైన ఉండే ఆ కొద్ది గంటలలోనే తల్లి ప్రశాంతంగా పాలివ్వగలదు. జూలై, ఆగస్టు నెలలలో షెల్డక్ అనే పెద్ద బాతులు రెక్కల ఈకలు రాల్చి, కొన్ని వారాలపాటు ఎగరలేని స్థితిలో వేల సంఖ్యలో ఒక్కచోట చేరి ఉంటాయి.

రెండో వరుసలో మనుషుల సంవత్సరాన్ని నింపండి. ఈస్టర్ సెలవులు వసంతంలో వస్తాయి, బడుల పెద్ద సెలవులు జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా నడుస్తాయి. ఈ తీరానికి ఏటా సుమారు 1 కోటి మంది బస చేయడానికే వస్తారు, ఒక్క పూట తిరిగి వెళ్లేవారు అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటారు. రెండు వరుసలలోనూ ఒత్తిడి ఒకే నెలలలో పడుతోందని ఈపాటికి మీరు గమనించి ఉంటారు. సుస్థిర పర్యాటకం అనే మాటను చాలా పుస్తకాలు పేజీల కొద్దీ నిర్వచిస్తాయి కానీ, ఏ తీరానికైనా అసలు సమస్య ఇలాంటి రెండు వరుసలు గీయగానే బయటపడుతుంది. పోటు వేళ మేటలన్నీ మునిగిపోయి పక్షులన్నీ కరకట్ట వెంట ఇరుకైన చోట గుమిగూడినప్పుడు, కట్ట మీద కుక్కతో నడిచే ఒక్క మనిషి వేల పక్షులను లేపగలడు. అలా లేచిన ప్రతిసారీ అవి దూరప్రయాణానికి దాచుకున్న శక్తిని ఖర్చు చేస్తాయి.

ఇక పటం మీద మూడు దేశాల సరిహద్దులను గీయండి. ఆ గీతలను పక్షులు, సీళ్లు పట్టించుకోవని చెప్పడం తేలిక. చెత్త కూడా పట్టించుకోదని 2019 జనవరి మొదటి రెండు రోజులలో తేలింది. తుఫానులో ఎం.ఎస్.సి. జోయీ అనే భారీ సరకు నౌక నుంచి 342 కంటైనర్లు సముద్రంలో పడిపోగా, బొమ్మలు, ప్లాస్టిక్ గుళికలు, సామాను నెదర్లాండ్స్ దీవుల తీరాలకు కొట్టుకొచ్చాయి. పొరుగునే ఉన్న జర్మనీ దీవి బోర్కుమ్‌కూ చేరాయి. ఒక దేశం తన బీచ్‌ను ఎంత శుభ్రంగా ఉంచుకున్నా పక్క దేశం సహకరించకపోతే ఆ శ్రమ నిలవదు.

మరి సహకారాన్ని ఎక్కడ మొదలుపెట్టాలి? ఉమ్మడి పర్యాటక ప్రణాళికలు రాసేవారు తరచుగా ఒక ఉమ్మడి చిహ్నం, ఒక కరపత్రం, ఒక వెబ్‌సైటుతో ఆరంభిస్తారు. అవి త్వరగా తయారవుతాయి, మంత్రులు ఆవిష్కరించడానికి వీలుగా ఉంటాయి. వాడెన్ దేశాలలో మాత్రం పర్యాటకం వరుసలో చివరికి వచ్చింది. ఈ పాఠం నుంచి మీరు ఒకే ఒక్క విషయం తీసుకువెళ్లదలిస్తే ఆ క్రమాన్ని తీసుకువెళ్లండి.

కాగితం రెండో పక్క ఒక కాలరేఖ గీయండి. 1978లో మూడు ప్రభుత్వాల ప్రతినిధులు హేగ్‌లో మొదటిసారి సమావేశమయ్యారు. 1982లో వాడెన్ సముద్ర పరిరక్షణపై ఉమ్మడి ప్రకటన చేశారు. 1987లో జర్మనీలోని విల్‌హెల్మ్స్‌హాఫెన్ పట్టణంలో ఉమ్మడి సచివాలయాన్ని ఏర్పాటు చేశారు. అప్పటికింకా పర్యాటకానికి ఉమ్మడి వ్యూహమంటూ ఏదీ లేదు.

మరుసటి సంవత్సరం, 1988లో, ఒక వైరస్ వ్యాధి సోకి వాడెన్ సముద్రంలోని హార్బర్ సీళ్లలో సగానికి పైగా చనిపోయాయి. మూడు తీరాల మీదా కళేబరాలు తేలి వస్తున్నప్పుడు, ఇవి ఏ దేశపు సీళ్లు అన్న ప్రశ్నకు అర్థం లేకుండా పోయింది. 1990లో మూడు దేశాలు సీళ్ల సంరక్షణకు ఒప్పందం కుదుర్చుకున్నాయి, 1991లో అది అమలులోకి వచ్చింది. 1982 నాటి ప్రకటన రాజకీయ సంకల్పం మాత్రమే, దాన్ని ఉల్లంఘించినవారిని న్యాయస్థానానికి ఈడ్చలేరు. సీళ్ల ఒప్పందం అలా కాక, అంతర్జాతీయ చట్టం ప్రకారం కట్టుబడవలసిన ఒడంబడిక. దాని కింద మూడు దేశాల శాస్త్రవేత్తలు ముందుగా కుదుర్చుకున్న రోజులలో, ఆటు వేళ, ఒకే పద్ధతిలో విమానాల నుంచి సీళ్లను లెక్కిస్తారు. జూన్ నెలలో పిల్లల లెక్క, ఆగస్టులో బొచ్చు మార్చుకోవడానికి మేటల మీదికి చేరిన పెద్దవాటి లెక్క ప్రధానం. పక్షులనూ ఇదే తీరులో ఉమ్మడిగా లెక్కిస్తున్నారు.

ఇది పర్యాటకానికి సంబంధం లేని విషయంలా అనిపించవచ్చు. కానీ ఒక మేట చుట్టూ పడవలు తిరగకూడదని వేసవిలో నిషేధించాలంటే, ఆ పడవల మీద బతికేవారికి కారణం చెప్పాలి. పక్క దేశపు అంకెలతో పోల్చి చూసుకోగల ఉమ్మడి లెక్క లేకపోతే, మా ఒక్కరికే ఈ ఆంక్ష ఎందుకు అన్న పడవ యజమాని ప్రశ్నకు ఏ అధికారీ సరైన జవాబు ఇవ్వలేడు. పొరుగు దేశాల మధ్య నమ్మకం కూడా ఇలాంటి విసుగు పుట్టించే పనులలోనే, ఏళ్ల తరబడి కలిసి కూర్చొని అంకెలు సరిచూసుకోవడంలోనే పెరిగిందని నా అభిప్రాయం.

తర్వాతి మెట్టు ప్రపంచ వారసత్వ గుర్తింపు. 2009లో నెదర్లాండ్స్ భాగానికి, జర్మనీలోని దిగువ సాక్సనీ, ష్లెస్విగ్-హోల్‌స్టెయిన్ రాష్ట్రాల జాతీయ ఉద్యానాలకు యునెస్కో ఆ గుర్తింపు ఇచ్చింది. జర్మనీలోనే మరో రాష్ట్రమైన ఓడరేవు నగరం హాంబర్గ్ అప్పటికి ఆ జాబితాలో లేదు. తన ఓడరేవుకు ప్రాణమైన ఎల్బే నదీమార్గాన్ని లోతు చేయడానికి ఈ గుర్తింపు అడ్డు వస్తుందేమోనని వెనుకాడి, 2011లో చేరింది. డెన్మార్క్ 2010లో తన జాతీయ ఉద్యానాన్ని ఏర్పాటు చేసుకొని, 2014లో వచ్చి కలిసింది. ఈ ఆలస్యాన్ని వైఫల్యంగా చూడనవసరం లేదు. సిద్ధంగా ఉన్నవారు ముందు నడిచి, వెనకబడినవారికి తలుపు తెరిచి ఉంచడం కూడా సహకారంలో ఒక పద్ధతే.

2009లో గుర్తింపు ఇస్తూనే, మొత్తం ప్రాంతానికి వర్తించే పర్యాటక వ్యూహాన్ని తయారు చేయాలని ప్రపంచ వారసత్వ సంఘం కోరింది. బయటి సంస్థ కోరేదాకా అది జరగలేదన్నది గుర్తుంచుకోదగిన విషయం. ఐరోపా సమాఖ్య ఉత్తర సముద్ర ప్రాంత నిధుల తోడ్పాటుతో నడిచిన ప్రోవాడ్ అనే పథకం కింద జాతీయ ఉద్యానాల అధికారులు, పర్యాటక ప్రచార సంస్థలు, స్థానిక ప్రభుత్వాలు, పర్యావరణ సంఘాలు కలిసి ముసాయిదా సిద్ధం చేశాయి. 2014 ఫిబ్రవరిలో డెన్మార్క్‌లోని టోండర్ పట్టణంలో జరిగిన మంత్రుల సమావేశం ఆ వ్యూహాన్ని ఆమోదించింది. 1978 నుంచి లెక్కిస్తే 36 ఏళ్లు పట్టింది.

వ్యూహంలోని లక్ష్యాలను సూటిగా చెప్పుకుందాం. ఈ తీరం ప్రత్యేకత ఏమిటో హోటలు యజమాని నుంచి పడవ నడిపేవాడి దాకా అందరికీ తెలియాలి. దాన్ని కాపాడటంలో అందరూ బాధ్యత పంచుకోవాలి. మూడు దేశాలూ ఒకే మాటగా, నాణ్యత గల సేవలతో సందర్శకులను పలకరించాలి. వచ్చే లాభం ప్రకృతికి, వ్యాపారానికి, స్థానిక ప్రజలకు అందాలి. చదవడానికి ఇవి మంచి మాటలే, వీటితో విభేదించేవారు ఎవరూ ఉండరు. ఎవరూ విభేదించని ప్రణాళిక కనిపిస్తే ఒక ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకోండి: ఇందులో సంఖ్య ఎక్కడ ఉంది? ఏ నెలలో, ఏ దీవికి, ఎంతమంది మించకూడదు అన్న ఉమ్మడి పరిమితి ఏదీ ఈ వ్యూహంలో ఉండదు.

అలాంటి నిర్ణయాలు స్థానికుల చేతిలోనే ఉన్నాయి. జర్మనీ దీవులు యూస్ట్, బాల్ట్రుమ్, లాంగెయోగ్, స్పీకెరోగ్, వాంగెరోగె కార్లను రానివ్వవు. యూస్ట్‌లో సామాను, సందర్శకులు గుర్రపు బండ్ల మీద కదులుతారు. అక్కడికి వెళ్లే పడవ ఆటుపోట్లను బట్టి నడుస్తుంది కాబట్టి దాని వేళలను నిర్ణయించేది ఒక రకంగా చంద్రుడే. నెదర్లాండ్స్ దీవులైన వ్లీలాండ్, స్కీర్‌మోనికోగ్‌లకు వెళ్లే సందర్శకులు కార్లను రేవులోనే వదిలిపెట్టాలి. జర్మనీ దీవి సిల్ట్‌కు మాత్రం 1927లో వేసిన రైలు కట్ట మీదుగా కార్లను రైళ్ల మీద ఎక్కించి తీసుకెళ్తారు. డెన్మార్క్ దీవి రోమోలో కార్లు బీచ్ మీదికే వెళ్లవచ్చు. ఒకే వారసత్వం, ఒకే వ్యూహం, కానీ కారు విషయంలో ఇన్ని తీరులు. యూస్ట్, స్కీర్‌మోనికోగ్ దీవులకు ఆ నిశ్శబ్దమే ఆకర్షణ అయిందన్నది నిజమే అయినా, ఆ నిబంధనను రోమో మీద రుద్దే అధికారం విల్‌హెల్మ్స్‌హాఫెన్ సచివాలయానికి లేదు. ఉండకపోవడమే ఈ సహకారం ఇంతకాలం నిలవడానికి ఒక కారణం, ఒక్కో చోట అది బలహీనంగా మిగలడానికీ అదే కారణం.

బాగా పని చేస్తున్నది మార్గదర్శకుల వ్యవస్థ. ఆటు వేళ బురద మీద నడక ఇక్కడి ప్రధాన ఆకర్షణ, దారి తెలియక పోటుకు చిక్కితే ప్రాణాలకే ముప్పు. అందువల్ల శిక్షణ పొందిన, అనుమతి ఉన్న మార్గదర్శకులే జనాన్ని తీసుకెళ్తారు. సందర్శకుల భద్రత కోసం పుట్టిన ఈ ఏర్పాటు, ఏ మేటకు దూరంగా ఉండాలో తెలిసిన మనిషిని ప్రతి బృందం ముందు నిలబెట్టి ప్రకృతికీ మేలు చేసింది. జర్మనీ పట్టణం టోనింగ్‌లో, డెన్మార్క్ పట్టణం రీబె దగ్గర, నెదర్లాండ్స్ దీవి టెక్సెల్‌లో ఉన్న సందర్శక కేంద్రాలూ ఇలాగే ఉపయోగపడుతున్నాయి.

లోపం గణాంకాలలో ఉంది. సీళ్లను ఒకే పద్ధతిలో లెక్కించే ఈ దేశాలు మనుషులను అలా లెక్కించవు. జర్మనీ అధికారిక గణాంకాలలో పది పడకల కంటే చిన్న బసలు చేరవు, ఈ తీర గ్రామాలలో ఇళ్లలో అద్దెకిచ్చే గదులు ఎన్నో ఆ పరిధికి బయటే ఉండిపోతాయి. డెన్మార్క్ తీరంలో అతిథులు ఎక్కువగా అద్దె వేసవి ఇళ్లలో ఉంటారు. పక్కపక్కన పెట్టి పోల్చలేని మూడు పట్టికలతో పరిమితుల గురించి చర్చించడం కష్టం. చమురు, సహజవాయువు తవ్వకాలపై నడుస్తున్న వివాదాలు ఈ పాఠం పరిధిలోకి రావు. పర్యాటకుడిని బురద మీద అడుగు చూసుకొని వేయమని చెప్పే ప్రభుత్వం ఆ విషయంలోనూ అదే జాగ్రత్త చూపాలని అక్కడివారు అడుగుతున్నారని మాత్రం చెప్పి ముందుకు వెళ్తాను.

ఇప్పుడు మీ వంతు. అభ్యాసానికి పులికాట్ సరస్సును తీసుకోండి. ఇది దేశాల సరిహద్దు కాదు, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దు. అయినా సమస్య స్వరూపం అదే. ఒకే ఉప్పునీటి సరస్సు, రెండు ప్రభుత్వాలు, ఎవరి పక్షుల అభయారణ్యం వారిది, ఫ్లెమింగోలకు మాత్రం రెండూ ఒకటే. సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండుగ గురించి మీరు వినే ఉంటారు. ముందు పన్నెండు గళ్లు గీసి, పైవరుసలో ఫ్లెమింగోలు, పెలికాన్లు, చేపల సీజన్లు, కింది వరుసలో పండుగ, సెలవులు, రాకపోకలు నింపండి. మూడో వరుస ఒకటి చేర్చి, సరస్సు మీద బతికే జాలరుల పని నెలలను రాయండి, ఎందుకంటే అక్కడ మనుషుల ఉపాధి వాడెన్ కంటే నేరుగా నీటితో ముడిపడి ఉంది. ఆ తర్వాత రెండు రాష్ట్రాల అటవీ శాఖలు ఒకే రోజున, ఒకే పద్ధతిలో లెక్కించగల ఒక్క జీవిని ఎంచుకొని, ఎందుకు ఎంచుకున్నారో పది వాక్యాలలో రాయండి. పర్యాటక చిహ్నం గానీ నినాదం గానీ ఈ దశలో రాయవద్దు. ఆ పది వాక్యాలు పూర్తయ్యాక రెండో వీడియోను తెరవండి, అందులో ఆ లెక్క నుంచి పడవల అనుమతి నిబంధనను ఎలా తయారు చేయాలో చూద్దాం.