మూసీ వరద రాని హైదరాబాద్: ఆల్టర్నేట్ హిస్టరీ లోకం కట్టడం ఎలా?

హాయ్ అందరికీ. వినిపిస్తోందా? సౌండ్ వస్తోందని ఫ్యాన్ ఆపేశాను, ఉక్కపోస్తోంది, తొందరగా కానిచ్చేద్దాం. ఆల్టర్నేట్ హిస్టరీ, అంటే చరిత్ర ఒక చోట వేరే దారి పట్టి ఉంటే అని ఊహించే కథ, దానికి లోకాన్ని ఎలా కట్టుకుంటామో ఈ రోజు చూద్దాం. నా కథ హైదరాబాద్‌లో జరుగుతుంది, దాన్నే తెరిచి చూపిస్తాను.

ముందు ఒక ఖాళీ షీట్. మూడు కాలమ్స్. అసలు జరిగింది, నా లోకంలో జరిగింది, ఎందుకు. పై వరస ఫ్రీజ్ చేసేయండి. ఇదంతా మీకు తెలిసిందే, ముందుకు పోదాం. ఆఁ, ఒక్కటి, ఎక్కడి నుంచైనా కాపీ చేస్తే కంట్రోల్ షిఫ్ట్ వి కొట్టండి, ఉత్త కంట్రోల్ వి కాదు. లేకపోతే అక్కడి రంగులూ ఫాంట్లూ అన్నీ వచ్చి పడతాయి. నేను చాలా రోజులు అవన్నీ చేత్తో సర్దుకున్నాను.

ఇప్పుడు మలుపు. చరిత్ర ఎక్కడ పక్కకి తిరగాలి? హైదరాబాద్ అనగానే అందరి చెయ్యీ 1948 మీదకే పోతుంది. సైన్యం రాకపోతే, నిజాం ఉండిపోతే, అలా. నేనూ మొదట అదే రాశాను. పది పేజీలయ్యేసరికి అందరూ దర్బారులో నిలబడి ఉపన్యాసాలు ఇస్తున్నారు. వదిలేశాను. నాకు గల్లీ కావాలి, నీళ్ల బిందెలు కావాలి. అందుకే ఇదిగో, ఈ సెల్ చూడండి, 1908 సెప్టెంబర్ 28. మూసీ వరద. దాదాపు 15 వేల మంది పోయారంటారు. నా లోకంలో ఆ వరద రాలేదు.

ఎందుకు రాలేదు? 'వాన పడలేదు' అని రాశాను మొదట. తేలిక కదా. కానీ అందులో మనిషి చేసిందేమీ లేదు. అసలు వరదప్పుడు ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగాయి, ఒకదాని నీళ్లు ఇంకోదాని మీద పడి. సరే, వాన అంతే పడనిద్దాం, కట్టలకి ఆ ఎండాకాలమే మరమ్మతు చేయిద్దాం అనుకున్నా. ఎవరు చేయించారు? ఒక నీరటి. చెరువు తూము తీసి మూసే మనిషి. ఒక్క నీరటితో అన్ని చెరువులు బాగవుతాయా అంటే కావు. అందుకే తాలూక్‌దారు, అంటే నిజాం సర్కారు అధికారి, ఆయన ముందు నేల మీద పుల్లతో గీసి చూపిస్తాడు, ఈ కట్ట పోతే కింద ఏవేవి పోతాయో. ఆ సీన్ ఒక్కటే ఆరుసార్లు తిరగరాశాను.

ఇక్కడి నుంచి కాస్త నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే నేను బోర్లా పడింది ఇక్కడే.

నాలుగు చాప్టర్లయ్యాక మా పిన్నికి చదివి వినిపించాను. 1930లో ఆ నీరటి మనవడిని బొంబాయి పొమ్మంటే, "గండిపేట నీళ్లు తాగిన ప్రాణం, ఈ ఊరెట్లా వదుల్తా" అంటాడు. మంచి డైలాగ్ రాశాననుకున్నా. పిన్ని ఉల్లిపాయలు కోస్తూ, తలెత్తకుండానే, "వరదే రాకపోతే గండిపేట చెరువెందుకు కడతార్రా?" అంది.

అయిపోయింది. గండిపేట అంటే ఉస్మాన్‌సాగర్. వరద వచ్చింది కాబట్టి 1909లో విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఎగువనే నీళ్లు ఆపాలన్నారాయన. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. వరద లేదంటే ఆయన రాలేదు, చెరువు లేదు, నా డైలాగూ లేదు. ఇదిగో, ఈ వరసంతా ఎర్రగా చేశాను, నా లోకంలో ఇవి ఉండవని, కనిపిస్తోందా? ఉస్మానియా ఆసుపత్రి బిల్డింగు, అఫ్జల్‌గంజ్‌లో పాత ఆసుపత్రి వరదలో పోయాక కట్టింది. ఎరుపు. ఇంకా ఘోరం, మ్యాప్! నేను కింద పరిచిన మ్యాపే 1912 నుంచి 1915 దాకా చేసిన సర్వే. అంటే వరద తర్వాతది. అందులో నది ఒడ్డున ఖాళీ కనిపించిన చోటల్లా, వరదకి ముందు ఇక్కడేముండేది అని మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది.

కాబట్టి ఆ 'ఎందుకు' కాలమ్‌ని రెండుసార్లు నింపండి. ఒకసారి పైనుంచి కిందికి, ఇది జరగకపోతే ఏవేవి ఉండవు అని. ఇంకోసారి కిందినుంచి పైకి, నా కథలో ఇది ఉండాలంటే ముందు ఏం జరిగుండాలి అని. నేను మొదటిది చేసి రెండోది వదిలేశాను. వస్తువులే కాదు, మాటల్ని కూడా అడగాలి, నువ్వెక్కణ్నుంచి వచ్చావు అని.

అట్లా అని కనిపించినవన్నీ పీకేయకండి. 1911లో ప్లేగు వచ్చింది, దాన్ని నేను ముట్టుకోలేదు. 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వెనక వరదా ఉంది, ప్లేగూ ఉంది. అందుకే నా లోకంలో బోర్డు వస్తుంది, కాకపోతే ఆలస్యంగా. పసుపు రంగు.

మరి గండిపేట లేకపోతే జనం ఏం తాగుతారు? మీర్ ఆలం చెరువు, హుస్సేన్‌సాగర్, బావులు. బతికిపోయిన ఆ 15 వేల మందీ తాగాలి, వాళ్ల పిల్లలూ తాగాలి. ఇది రాస్తుంటేనే నాకు కథలో రెండో సగం దొరికింది. ఊరిని ముంపు నుంచి కాపాడినవాడి మనవడు ఇప్పుడు బావి దగ్గర కర్ర పట్టుకుని కాపలా ఉంటాడు.

మిగతావి చకచకా. డబ్బు హాలీ సిక్కా, అంటే నిజాం సర్కారు సొంత రూపాయి. సర్కారు కాగితాలు ఉర్దూలో. తేదీలు ఫసలీ, అంటే అప్పటి సర్కారు వాడిన సంవత్సరాల లెక్క, మన సంవత్సరంలోంచి 590 తీసేస్తే దాదాపు సరిపోతుంది, సెల్‌లో ఫార్ములా పెట్టాను, చూసి కొట్టేసుకోండి.

చివరగా ఒకటి, ఇది మీ ఇష్టం. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు. వరదలో దాదాపు 150 మంది అదెక్కి బతికారు, ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. నా లోకంలో దాన్నెవరూ ఎక్కలేదు, ఉత్త చింతచెట్టు. తీసేద్దామనుకున్నా, మనసొప్పలేదు. నీరటి అర్జీ పట్టుకుని పట్నం వచ్చినప్పుడు దాని కింద కూర్చుని సద్దిమూట విప్పుతాడు. పేరు కూడా పెట్టలేదు, ఒక చెట్టు అని రాశానంతే.

కుక్కర్ మూడో కూత వేసింది. ఈ షీట్ సేవ్ అయిందా... ఆఁ, అయింది. ఉంటాను మరి.