ఫెల్ప్సా, బోల్టా? పోల్చే పద్ధతి మీద ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ వారం ఫోన్-ఇన్‌కి ఒకటే విషయం పెట్టుకున్నాం. ఈతలో మైకేల్ ఫెల్ప్స్, పరుగులో ఉసేన్ బోల్ట్. వేర్వేరు ఆటల్లో ఉన్న ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటం ఎలా? మీ సందేహాలకు జవాబు చెప్పడానికి క్రీడా గణాంకాల విశ్లేషకురాలు మనతో ఉన్నారు. మొదటి కాల్ వచ్చేసింది. హలో, చెప్పమ్మా.

శ్రోత (విద్యార్థిని): నమస్కారం మేడమ్. మా కాలేజీలో వక్తృత్వ పోటీ ఉంది. నేను ఫెల్ప్స్ తరఫున మాట్లాడాలి. ‘ఆయనకు 23 స్వర్ణాలు, బోల్ట్‌కు 9’ అని మొదలుపెడదామనుకుంటున్నాను. బాగుంటుందా?

విశ్లేషకురాలు: అలా మొదలుపెడితే అవతలివాళ్ల పని సులువైపోతుందమ్మా. ముందు ఆ 9ని 8 చెయ్యి. 2008 బీజింగ్‌లో జమైకా గెలిచిన 4×100 రిలే స్వర్ణం తర్వాత రద్దయింది. జట్టులోని నెస్టా కార్టర్ నమూనాను మళ్లీ పరీక్షిస్తే నిషేధిత ఉత్ప్రేరకం బయటపడింది. 2017 జనవరిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) నలుగురి పతకాలూ వెనక్కి తీసుకుంది. 2018లో అప్పీలు కూడా వీగిపోయింది. ఇందులో బోల్ట్ చేసిన తప్పేమీ లేదు, కానీ రిలే పతకం నలుగురిదీ, పోతే నలుగురికీ పోతుంది. పాత వీడియోల్లో, వ్యాసాల్లో ఇప్పటికీ 9 అనే కనిపిస్తుంది. నువ్వు 9 అన్నావంటే నీ మిగతా అంకెల్ని కూడా ఎవరూ నమ్మరు.

శ్రోత: సరే మేడమ్, 23, 8 అంటాను.

విశ్లేషకురాలు: అంతటితో ఆగకు. రెండింటినీ విడగొట్టు. ఫెల్ప్స్‌వి వ్యక్తిగత స్వర్ణాలు 13, రిలేలు 10. బోల్ట్‌వి వ్యక్తిగతం 6, రిలేలు 2. రిలే స్వర్ణాన్ని తీసిపారేయమని కాదు. కానీ బీజింగ్ 4×100 ఫ్రీస్టైల్ రిలే చూడు. చివరి వంద మీటర్లు ఫెల్ప్స్ జట్టులోని జేసన్ లెజాక్ 46.06 సెకన్లలో ఈది, ఫ్రాన్స్ కంటే 0.08 సెకను ముందు గోడ తాకాడు. ఆ వంద మీటర్లు అలా పడకపోతే ‘ఒకే ఒలింపిక్స్‌లో 8 స్వర్ణాలు’ అనే మాటే లేదు. అలాగే 2004 ఏథెన్స్‌లో మెడ్లే రిలే, అంటే నలుగురు నాలుగు రకాల ఈతలు ఈదే పోటీలో, ఫెల్ప్స్ ఈదింది హీట్స్‌లో, అంటే తొలి రౌండులో మాత్రమే. ఫైనల్లో ఆ చోటు ఇయాన్ క్రాకర్‌కు ఇచ్చాడు. నిబంధన ప్రకారం ఆ స్వర్ణం ఫెల్ప్స్ ఖాతాలోకీ వచ్చింది.

ఇప్పుడు అసలు లెక్క. పెన్ను ఉందా? ఎన్ని పోటీల్లో దిగారో రాసుకో. ఫెల్ప్స్ 2000 సిడ్నీలో 1, ఏథెన్స్‌లో 8, బీజింగ్‌లో 8, 2012 లండన్‌లో 7, 2016 రియోలో 6. మొత్తం 30. వాటిలో 23 స్వర్ణాలు, 3 రజతాలు, 2 కాంస్యాలు. బోల్ట్ ఏథెన్స్‌లో 200 మీటర్లు ఒక్కటే, మొదటి రౌండులోనే వెనుదిరిగాడు. ఆ తర్వాత మూడు ఒలింపిక్స్‌లో మూడేసి. మొత్తం 10, వాటిలో 8 స్వర్ణాలు. భాగించు. ఫెల్ప్స్‌కు 77 శాతం, బోల్ట్‌కు 80. చూశావా, 23కీ 8కీ ఉన్న దూరం ఎక్కడికి పోయిందో!

శ్రోత: అయ్యో, ఇది బోల్ట్ వైపు వెళ్లిపోయిందే మేడమ్!

విశ్లేషకురాలు: వెళ్లలేదమ్మా, దగ్గరికి వచ్చింది. పదిసార్లలో 80 శాతం నిలబెట్టుకోవడం, ముప్ఫైసార్లలో 77 శాతం నిలబెట్టుకోవడం ఒకటి కాదు. నీ వాదన అక్కడి నుంచి ఎత్తుకో. ఒక్క జాగ్రత్త. భాగించేటప్పుడు కింద వేసే అంకె ఇద్దరికీ ఒకే రకంగా ఉండాలి. బోల్ట్‌కు ‘ఫైనల్స్’ లెక్కేసి, ఫెల్ప్స్‌కు ‘దిగిన పోటీలు’ లెక్కేస్తే మోసమవుతుంది. వ్యక్తిగత ఫైనల్స్ ఒక్కటే తీసుకుంటే బోల్ట్‌వి ఆరుకి ఆరు, ఫెల్ప్స్‌వి 18కి 13.

వ్యాఖ్యాత: ఆల్ ది బెస్ట్ అమ్మా. తర్వాతి కాలర్, నమస్తే అండీ.

శ్రోత: నమస్తే. మేడమ్, ఈతలో పతకాలు ఎక్కువ కదండీ? అదే రెండొందల మీటర్లు ఫ్రీస్టైల్ ఈదితే ఒకటి, బటర్‌ఫ్లై ఈదితే ఇంకొకటి. పరుగులో వెనక్కి పరిగెత్తే పోటీ, గెంతుతూ వెళ్లే పోటీ లేవు కదా.

విశ్లేషకురాలు: సగం నిజమండీ. వంద మీటర్ల పరుగు వీరుడికి ఒక ఒలింపిక్స్‌లో అందుబాటులో ఉండేవి 100, 200, 4×100 రిలే, ఈ మూడే. ఈతగాడికి దారులు ఎక్కువ. శరీరం కోలుకునే తీరు కూడా వేరు. నీళ్లు బరువును మోస్తాయి, అడుగడుక్కీ నేల దెబ్బ ఉండదు. పరుగులో పూర్తి వేగంతో కాలు నేలకు కొట్టినప్పుడల్లా తొడ వెనక కండరం మీద భారం పడుతుంది. ఒక్కసారి పట్టేసిందంటే ఆ ఒలింపిక్స్ అయిపోయినట్టే. అందుకే రోజుకు రెండు ఫైనల్స్ ఈదేవాళ్లు ఉంటారు, వంద మీటర్ల ఫైనల్‌కీ రెండొందల ఫైనల్‌కీ మధ్య మాత్రం రోజులు వదులుతారు.

ఇక రెండో సగం. ఫెల్ప్స్ బీజింగ్‌లో తొమ్మిది రోజుల్లో 17 సార్లు నీళ్లలోకి దిగాడు. హీట్స్, సెమీస్, ఫైనల్స్ అన్నీ కలిపి 3,300 మీటర్లు. ఆగస్టు 13న 200 బటర్‌ఫ్లై గెలిచి, అదే పూట 4×200 రిలే కూడా ఈదాడు. ఆ బటర్‌ఫ్లైలో కళ్లద్దాల నిండా నీళ్లు చేరి గోడ కనపడలేదు. చేతులు ఎన్నిసార్లు వేశాడో లెక్కపెట్టుకుంటూ వెళ్లి గోడ తాకాడు. అయినా 1:52.03, ప్రపంచ రికార్డు. బోల్ట్ అక్కడ పరిగెత్తింది 9 సార్లు, 1,300 మీటర్లు. పైగా 400 మెడ్లే అంటే బటర్‌ఫ్లై, బ్యాక్‌స్ట్రోక్, బ్రెస్ట్‌స్ట్రోక్, ఫ్రీస్టైల్ నాలుగూ ఒకే ఊపిరి మీద లాగాలి. ఒకే పనిని నాలుగు పేర్లతో చేయడం కాదది. బ్రెస్ట్‌స్ట్రోక్ కాళ్లకీ బటర్‌ఫ్లై కాళ్లకీ పోలికే లేదు.

వ్యాఖ్యాత: ఇంకొకరు లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

శ్రోత: నేను ఎక్సెల్‌లో ఇద్దరి ఫైనల్స్‌కీ పట్టిక వేశానండీ. రెండో స్థానం వాడికంటే ఎంత ముందు గెలిచారో శాతాల్లో పెట్టాను. బోల్ట్ 200 మీటర్లలో 3.4 శాతం, ఫెల్ప్స్ 200 మెడ్లేలో 2 శాతం వచ్చాయి. ఇక బోల్టే గొప్ప అని తేల్చేయొచ్చా?

విశ్లేషకురాలు: పద్ధతి బాగుంది. తేడాను గెలిచిన సమయంతో భాగించి వందతో హెచ్చించారు, సరైనదే. కానీ మూడు చోట్ల జారే వీలుంది.

మొదటిది ఆ 3.4 శాతమే. బీజింగ్ 200లో బోల్ట్ 19.30, రజతం షాన్ క్రాఫర్డ్‌ది 19.96. నిజానికి రెండో మనిషిగా గీత దాటింది చురాండీ మార్టినా, 19.82. లేన్ గీత తొక్కినందుకు అతన్ని తీసేశారు. మార్టినాతో లెక్కేస్తే తేడా 0.52, అంటే 2.7 శాతం. రెండు అంకెలూ రాసి, ఏది ఎందుకో పక్క గడిలో పెట్టండి.

రెండోది, మీరు శిఖరాలే ఏరుకున్నారు. అదే బోల్ట్ లండన్ 200లో 19.32, బ్లేక్ 19.44, అక్కడ తేడా 0.6 శాతమే. రియో 100లో 9.81, గాట్లిన్ 9.89, అది 0.8. ఫెల్ప్స్‌కు బీజింగ్ 100 బటర్‌ఫ్లై ఉండనే ఉంది, 50.58, 50.59. గెలిచిన ఫైనల్స్ అన్నీ వేసి మధ్యస్థం, అంటే వరుసలో సరిగ్గా నడుమ పడే అంకె, తీయండి. సగటు తీస్తే ఒక్క పెద్ద గెలుపు మొత్తాన్ని లాగేస్తుంది.

మూడోదే అసలైనది. నీళ్లలో ఒక శాతం, నేల మీద ఒక శాతం ఒకటి కావు. నీటి నిరోధం వేగానికి వర్గంలా పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావలసిన శక్తి దాదాపు ఘనంలా పెరుగుతుంది. ఒక శాతం వేగం పెంచాలంటే సుమారు మూడు శాతం ఎక్కువ శక్తి పెట్టాలి.

శ్రోత: మరి ఆ తేడాను ఎలా సర్దాలండీ?

విశ్లేషకురాలు: వెనకవాళ్లు ఎంత గుంపుగా ఉన్నారో చూడండి. బీజింగ్ 100లో బోల్ట్ 9.69, రెండో అతను రిచర్డ్ థాంప్సన్ 9.89, ఎనిమిదో అతను డార్విస్ పాటన్ 10.03. రెండు నుంచి ఎనిమిది దాకా ఏడుగురూ 0.14 సెకనులో ఇరుక్కున్నారు. బోల్ట్ ఒక్కడే వాళ్లకంటే 0.20 ముందున్నాడు. అదీ గీతకు ముందే చేతులు చాచి వేగం తగ్గించి, ఎడమ బూటు లేసు ఊడిపోయి, వెనకగాలి సున్నా ఉన్నప్పుడు. ఇప్పుడు అదే బీజింగ్‌లో ఫెల్ప్స్ 200 మెడ్లే చూడండి. ఆయన 1:54.23. రెండో స్థానం లాస్లో చే 1:56.52, మూడో స్థానం లోక్టీ 1:56.53. రెండుకీ మూడుకీ మధ్య 0.01, ఒకటికీ రెండుకీ మధ్య 2.29. ఈ కొలతకు నీరా నేలా అన్న తేడా అడ్డం రాదు. ఎవరి ఆటలో వాళ్లతోనే కొలుస్తున్నాం కాబట్టి.

శ్రోత: ఇంకో వరుస కలుపుతానండీ అయితే. మరి బీజింగ్ 100 బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్ 0.01 గెలుపును అదృష్టం కింద రాసుకోవాలా?

విశ్లేషకురాలు: నేనైతే రాయను. సగం దూరంలో ఫెల్ప్స్ ఏడో స్థానంలో ఉన్నాడు. చివర్లో రెండో స్థానంలో వచ్చిన సెర్బియా ఈతగాడు మిలొరాద్ చావిచ్ చేతులు చాచి గోడ వైపు జారాడు, ఫెల్ప్స్ ఇంకో అర స్ట్రోక్ వేసి కొట్టాడు. టచ్‌ప్యాడ్ దగ్గర వేలు చేరితే చాలదు, ఒత్తిడి పడాలి. సెర్బియా అభ్యంతరం చెప్పి, దృశ్యాలు చూశాక ఆగింది. జారాలా, ఇంకో స్ట్రోక్ వేయాలా అన్నది రోజూ సాధన చేసే విషయమే.

వ్యాఖ్యాత: మరొక కాల్.

శ్రోత: బోల్ట్ రికార్డులు ఇంకా ఉన్నాయి, ఫెల్ప్స్‌వి పోయాయి. ఇదొక్కటి చాలదా అండీ?

విశ్లేషకురాలు: చాలా బరువైన వాదనే. 100 మీటర్లలో 9.58, 200లో 19.19, రెండూ 2009 ఆగస్టు బెర్లిన్‌వి, ఇప్పటికీ కదల్లేదు. ఫెల్ప్స్ వ్యక్తిగత రికార్డుల్లో చివరిది 400 మెడ్లే 4:03.84. దాన్ని 2023 జూలైలో ఫుకువోకాలో ఫ్రాన్స్ ఈతగాడు లియోన్ మార్షాన్ 4:02.50తో చెరిపేశాడు. కానీ ఈతలో రికార్డు చూసినప్పుడు ఏ దుస్తులతో ఈదారో కూడా చూడండి. 2008, 2009ల్లో ఒంటిని బిగించి నీటిలో తేల్చే దుస్తులు వచ్చాయి, రికార్డులు కుప్పలుగా పడ్డాయి. 2010 నుంచి అవి నిషేధం. ఫెల్ప్స్ అంకెలకూ ఆ సాయం ఉంది, 200 ఫ్రీస్టైల్‌లో ఆయన రికార్డును 2009లో జర్మనీ ఈతగాడు పాల్ బీడర్‌మన్ దాటడానికీ అదే సాయం. పరుగుకైతే గాలి చూడాలి. సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డుగా ఒప్పుకోరు. 9.58కి వెనకగాలి 0.9 మాత్రమే, 19.19కి ఎదురుగాలి.

వ్యాఖ్యాత: ఒక శ్రోత వాట్సాప్‌లో అడుగుతున్నారు. ఒలింపిక్స్‌కి ఒక్క పతకమే దొరికే ఆటలవాళ్ల సంగతేమిటని.

విశ్లేషకురాలు: మంచి ప్రశ్న. క్యూబాకు చెందిన మిహైన్ లోపెజ్ కుస్తీలో 2008 నుంచి 2024 దాకా వరుసగా ఐదు ఒలింపిక్స్ గెలిచాడు. ఒకే వ్యక్తిగత విభాగంలో అలా ఐదు గెలిచింది ఆయనొక్కడే. పతకాల పట్టికలో ఐదే కనిపిస్తాయి. అలాంటివాళ్లకు పతకాలు కాదు, ఎన్ని ఒలింపిక్స్ నిలబడ్డారన్నది వేయండి. ఆ కొలతలో ఫెల్ప్స్ బలంగా ఉంటాడు. 200 మెడ్లే నాలుగుసార్లు వరుసగా గెలిచాడు. సమయాలు వరుసగా 1:57.14, 1:54.23, 1:54.27, 1:54.66. 31 ఏళ్ల వయసులో, ఆ దుస్తులు లేకుండా, ఒలింపిక్స్‌లో తన అత్యుత్తమమైన బీజింగ్ సమయానికి 0.43 సెకను దూరంలో ఉన్నాడు.

వ్యాఖ్యాత: మీ తీర్పు చెప్పకుండా వదలం మేడమ్.

విశ్లేషకురాలు: ఒక్క రోజు, ఒక్క పరుగు, ఎదురుగా లోకంలోని మేటివాళ్లు అంటే నేను బోల్ట్ పేరే చెబుతాను. పన్నెండేళ్ల పని అంటే ఫెల్ప్స్. రెండూ కలిపి ఒకే మార్కు వేయమంటే వేయను. ఏ కొలతకు ఎంత బరువివ్వాలన్నది మన ఇష్టం, ఆ బరువు మారిస్తే విజేత మారిపోతాడు.

వ్యాఖ్యాత: చివరి కాలర్, వ్యాయామ ఉపాధ్యాయులట. త్వరగా అడగండి సార్.

శ్రోత: పిల్లలకు ఇది మైదానంలో చూపించాలండీ. ఎలా?

విశ్లేషకురాలు: సుద్దముక్కా టేపూ చాలండీ. బోల్ట్ వంద మీటర్లకు సుమారు 41 అడుగులు వేస్తాడు. సగటున అడుగు 2.44 మీటర్లు. అంత దూరానికొక గీత చొప్పున పది గీతలు గీసి, పిల్లల్ని పరిగెత్తుతూ గీత మీద గీత తొక్కమనండి. తర్వాత 50 మీటర్లు కొలిచి, సరిగ్గా 25 సెకన్లలో నడవమనండి. అది చురుకైన నడకంత వేగం, ఫెల్ప్స్ బటర్‌ఫ్లై దాదాపు అంతే. నీళ్లు ఎంత వెనక్కి లాగుతాయో అక్కడ తెలుస్తుంది. పిల్లల వంద మీటర్ల సమయాన్ని చేతి స్టాప్‌వాచ్‌తో తీస్తే, బోల్ట్ పక్కన రాసేముందు దానికి 0.24 సెకను కలపండి. తుపాకీ మోతకు వేలు కదిలేసరికి ఆలస్యమవుతుంది, అందుకే చేతి వాచీ ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది.

శ్రోత: 0.24. రాసుకున్నానండీ.